రన్‌వే మీద గేదె ఏ పుస్తకంలో ఉంటుంది?

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ గ్రంథాలయంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను కూర్చున్న, ఒక కాలు పొట్టిదైన కుర్చీ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. అంతకన్నా పవిత్రమైన వస్తువు నా దగ్గర లేదు. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం చదివి నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళప్పుడు అక్కడ లేరు, నేనున్నాను.

కళ్ళు మొరాయించడంతో యాభై దాటీ దాటకముందే ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చున్నాను. మొన్న గ్రంథాలయ శాస్త్రం డిప్లొమా చేతబట్టుకుని ఇద్దరు పిల్లలు వచ్చారు. లా, పొలిటికల్ సైన్స్ విభాగంలో చేరుతున్నారట. అక్కడ పనేమిటో చెప్పమన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. టీలు అయ్యాయి, పకోడీలు అయ్యాయి, చివరికి మా ఆవిడ వచ్చి ఆ పిల్లల చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టింది. మిగిలింది రాస్తానని మాటిచ్చాను. ఇదిగో.

అడిగేది ఒకటి, కావలసింది ఒకటి

పుస్తకం ఏ బీరువాలో ఉందో తెలిసినవాడే లైబ్రేరియన్ అని లోకం అనుకుంటుంది. అది మా ప్యూనుకు నాకన్నా బాగా తెలుసు. వచ్చిన మనిషికి ఏం కావాలో కనుక్కోవడం మన పని. అది ఆయనకే తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. మనం అడిగితే కోపం వస్తుంది.

ఒకాయన గోడ మీద చట్టం కావాలంటూ వస్తాడు. న్యాయశాస్త్రంలో గోడకు గోడ అని పేరుండదు. పక్కింటివాడు గోడ లేపి గాలీ వెలుతురూ ఆపేస్తే దాన్ని ఈజ్‌మెంటు, అంటే పొరుగు స్థలం మీద మనకుండే హక్కు, కింద వెతకాలి. జీతం ఆపేశారని ఒక క్రేన్ ఆపరేటర్ వచ్చాడు. తీర్పుల సారం శీర్షికలవారీగా ఉండే పాత డైజెస్టులో అతని బాధ ‘యజమాని - సేవకుడు’ అనే శీర్షిక కింద ఉంది. అది చూపించగానే అతని మీసాలు లేచాయి. సేవకుడెవడని నన్ను నిలదీశాడు. ఆ పేరు పెట్టిన దొర ఎప్పుడో పోయాడు, నాతో గొడవ దేనికి, ముందు పేజీ రాసుకో అన్నాను. రాసుకున్నాడు. పోతూ పోతూ ఆ శీర్షిక మీద పెన్సిలుతో గట్టిగా కొట్టేశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

పొలిటికల్ సైన్స్ వాళ్ళది ఇంకో రకం. ఒక ఎం.ఏ. కుర్రాడు జంషెడ్‌పూర్ మునిసిపాలిటీ మీద పుస్తకం అడిగాడు. ఈ ఊరిని నడిపేది ఉక్కు కంపెనీ, దీనికి మునిసిపాలిటీ లేదు నాయనా అన్నాను. “ఎవరు తీసుకెళ్ళారండీ? ఎప్పుడు తిరిగిస్తారు?” అన్నాడు. మునిసిపాలిటీ చూడాలని మరీ ముచ్చటగా ఉంటే జుగ్సలాయి వెళ్ళమని, పక్కనే ఉంటుందని చెప్పాను. తర్వాత జాలేసి కూర్చోబెట్టాను. పుస్తకం లేని విషయాన్ని వెతికే దారి వేరు. ముందు పాత వార్తాపత్రిక చూడాలి, అందులో తారీఖు దొరుకుతుంది. తారీఖు చేతిలో ఉంటే గెజిట్ తెరుచుకుంటుంది. గెజిట్ దొరికితే శాసనసభలో ఎవరు ఎవర్ని ఏమన్నారో దొరుకుతుంది. తిరగేసి మొదలుపెట్టినవాళ్ళు సభలో తిట్లు చదువుతూ ఉండిపోతారు. నేనూ చాలా మధ్యాహ్నాలు అలాగే ఉండిపోయాను.

ఇంకో మాట. బైండింగుకు ఇచ్చేముందు బైండరును పరీక్షించండి. జుగ్సలాయిలో ఒకాయన ఉండేవాడు. అంచులు నున్నగా రావాలన్న పిచ్చిలో ఒక ఏడాది లా రిపోర్టులన్నిటికీ పేజీ నంబర్లు కోసేశాడు. ఆ తర్వాత మా ఊరి వకీళ్ళు ఆ ఏడాది తీర్పులను కోర్టులో ‘సుమారు నడిమధ్యన’ అని ఉదహరించేవారు.

ముఖర్జీ బాబు

నా పై అధికారి ముఖర్జీ బాబు. గంజి పెట్టిన తెల్ల ధోవతి, దాని మీద మడత నలగని కుర్తా. పుస్తకాలకు చెదల తర్వాత పెద్ద శత్రువులు పాఠకులేనని ఆయన నమ్మకం. ఫ్యాను గాలికి కాగితాలు నలుగుతాయని మే నెలలో కూడా ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. లా రిపోర్టులు గడప దాటకూడదు. వకీలైనా, జడ్జీ గారైనా అక్కడే కూర్చుని చేత్తో రాసుకోవాల్సిందే. కోర్టు అసలు పుస్తకమే చూస్తానంటే మాత్రం ముఖర్జీ బాబే పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఆటోలో కోర్టుకు తీసుకెళ్ళేవాడు. సంబంధానికి పిల్లను తీసుకెళ్తున్నట్టే ఉండేది.

ఉన్నమాట చెప్పాలి. కింద పనిచేసేవాళ్ళను ఆయన ఎన్నడూ మెచ్చుకోలేదు. నేను చేసిన సూచిక తనదని కమిటీకి చెప్పుకున్నాడు. ఆయన పోయాక పెట్టిన సంతాపసభలో నేను అబద్ధాలేమీ ఆడలేదు, ఆడక్కర్లేకుండా తక్కువ మాట్లాడాను. అయినా ఈ వృత్తిలో నాకు తెలిసిందంతా ఆయన దగ్గర దొంగిలించిందే.

మంగ

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం. సోనారి క్వార్టర్లకు పాలు పోసే సన్యాసమ్మ ఖాళీ పాలక్యానుతో మా రీడింగ్ రూములోకి వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. మొగుడు అప్పలసామి కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. ఆ కాంట్రాక్టు అయిపోయి ఇంట్లో కూర్చున్నాడు. అప్పటికి ఇల్లు నడిపేది ఒకే ఒక గేదె. దాని పేరు మంగ.

“లైబ్రరీ బాబూ, మా మంగని కాంజీహౌసులో ఎట్టేసినారు. సోమారం ఏలం ఏసేత్తారంట. మీ కాడ సట్టాల పుస్తకాలున్నాయంట కదా. దాన్ని ఒగ్గెయ్యమని రాసున్న పుస్తకం ఒకటి ఇప్పించండి.”

కాంజీహౌసు అంటే మన బందెలదొడ్డి. మంగ పేరు రాసిన పుస్తకం మా దగ్గర లేదన్నాను.

“దాని పేరు నేకపోతే నా పేరు సూడండి. సన్యాసమ్మ, బర్త పేరు అప్పలసామి.”

సంగతి మెల్లగా బయటికొచ్చింది. సోనారిలో విమానాలు దిగే చిన్న మైదానం ఉంది. వాన పడితే ఊరు మొత్తంలో అంత పచ్చగడ్డి ఇంకెక్కడా ఉండదు. మంగ పలుపు తెంపుకుని ఆ గడ్డిలోకి, గడ్డిలోంచి రన్‌వే మీదికి వెళ్ళి, తారు వెచ్చగా ఉందేమో అక్కడే పడుకుని నెమరు వేస్తోంది. అదే సమయానికి కలకత్తా నుంచి ఒక పెద్దాయన సొంత విమానంలో వచ్చాడు. విమానం పైన తిరిగింది, తిరిగింది, మంగ లేవలేదు. చివరికి విమానం రాంచీ వెళ్ళి దిగింది. వాచ్‌మన్ మంగను తోలుకెళ్ళి దొడ్డిలో పెట్టాడు. అంతవరకూ అది అతని డ్యూటీ. అయితే పెద్దాయన మేనేజరు ఒకడు దొడ్డి దగ్గరికి వెళ్ళి, మీటింగు చెడినందుకూ పెట్రోలుకూ నష్టం కట్టేదాకా గేదెను వదలడానికి వీల్లేదని హుకుం జారీ చేశాడు. ఆ నష్టం మంగ జన్మంతా పాలిచ్చినా తీరేది కాదు. గడువులోగా విడిపించకపోతే దొడ్డివాళ్ళు వేలం వేసేస్తారు.

పక్క బల్ల దగ్గర జగ్గారావు ఉన్నాడు. పగలు కంపెనీలో హాజరు చూసే టైమ్ ఆఫీసులో పనిచేస్తూ సాయంత్రం కాలేజీలో లా చదివి, కొత్తగా నల్లకోటు తొడిగాడు. కేసన్నది ఇంకా చూడలేదు. కుర్చీలోంచి లేచి, ఆ కేసు తాను చూస్తానన్నాడు.

“నువ్వా? నీ కోటుకి ఇంకా షాపు వాసన పోనేదు కదరా బాబూ,” అంది సన్యాసమ్మ.

“కొత్త కోటైతే ఏటి పిన్నీ, సట్టం పాతదే కదా,” అన్నాడు జగ్గారావు. రెండో గదిలోంచి ముఖర్జీ బాబు ‘ష్’ అన్నాడు.

వెతుకులాట మొదలైంది. జగ్గారావు డైజెస్టులో గేదె కింద చూశాడు, లేదు. విమానాశ్రయం కింద చూశాడు, అక్కడ గేదె లేదు. పశువులు అన్న మాట కింద ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి చట్టం దొరికింది. రోడ్లు, తోటలు, కాలువలు, గట్లు ‘ఇంకా అలాంటివి’ ఎక్కి తిరిగే పశువులను పట్టి దొడ్డిలో పెట్టవచ్చని అందులో ఉంది. రన్‌వే మాట లేదు. ఆకాశంలోంచి బండి దిగుతుందని ఆ దొరలకు కల్లో కూడా వచ్చి ఉండదు. ఇక మంగ బతుకంతా ఆ ‘అలాంటివి’ దగ్గర ఆగింది. రన్‌వే రోడ్డు లాంటిది కాకపోతే పట్టుకోవడమే చెల్లదు, మంగ ఇంటికొచ్చేస్తుంది.

అప్పుడు నేను అతని చేతిలోంచి డైజెస్టు తీసుకున్నాను. గేదె గొడవ గేదె దగ్గర ఉండదు. చట్టం చివర తగిలించిన ఇలాంటి తోకలు ఎంతదూరం చాచవచ్చో చెప్పిన తీర్పులు ‘చట్టాలకు అర్థం చెప్పడం’ అనే భాగంలో ఉంటాయి. అక్కడ కట్టె అడితి గొడవ ఒకటి, పాత హైకోర్టు తీర్పు, దొరికింది. జగ్గారావుకు రిపోర్టు తీసిచ్చి నేను పక్కకు వెళ్ళాను. ముఖర్జీ బాబు మూసే గంట కొట్టేదాకా అతను తల ఎత్తకుండా రాసుకున్నాడు. రాసుకుంటున్న ఇంగ్లీషు ఎంత ఘనంగా ఉందంటే, మధ్యమధ్యలో పెదవులు చప్పరించాడు.

కోర్టులో

పుస్తకాలు రెండు వెళ్ళాయి, ఒకటి చట్టం, ఇంకొకటి రిపోర్టు. రెంటికీ వేరువేరు తువ్వాళ్ళు. ముఖర్జీ బాబూ నేనూ ఆటోలో, జగ్గారావు స్కూటర్ మీద ముందు. సన్యాసమ్మ అప్పటికే కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంది.

పట్టుకోవడమే చెల్లదని దరఖాస్తు పెట్టి, జగ్గారావు తాను రాసుకొచ్చింది చదివాడు. గొంతు బాగుంది. రోడ్డు అంటే జనం నడిచేది, గట్టు అంటే నీళ్ళను ఆపేది, ‘అలాంటివి’ అన్న మాటను సాగదీసి ప్రపంచమంతా చుట్టకూడదు, అని ఆ ఘనమైన ఇంగ్లీషులో ఉంది. మెజిస్ట్రేటు కలం ఎత్తి రాసుకోబోయాడు.

మేనేజరు తరఫున సిన్హా బాబు అని ముసలి వకీలు. గొంతును ఖర్చుపెట్టని మనిషి. లేచి, పుస్తకం ఒకసారి చూడవచ్చా అన్నాడు. నోట్లో కిళ్ళీ ఉంది, వేళ్ళకు సున్నం ఉంది. ముఖర్జీ బాబు పుస్తకం వెనక్కి లాక్కుని, ముందు చేతులు కడుక్కు రమ్మన్నాడు. కోర్టు కోర్టంతా చూస్తుండగా సిన్హా బాబు బయటికెళ్ళి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చాడు. అయిదు నిమిషాలు పేజీలు తిప్పి, మా మిత్రుడు చదివిన మాటలు అద్భుతంగా ఉన్నాయన్నాడు. అవి తీర్పు మాత్రం కాదన్నాడు.

ఈ పొరపాటు మన వృత్తికి దగ్గరివాళ్ళు మాత్రమే చేయగలరు. జాగ్రత్తగా వినండి. పాత రిపోర్టుల్లో తీర్పుకు ముందు ఇరుపక్షాల వకీళ్ళు చేసిన వాదనలు కూడా అచ్చువేసేవారు. అదే అక్షరం, అదే సైజు. జగ్గారావు చేత్తో ఎక్కించుకొచ్చింది ఆ కేసులో ఓడిపోయిన వకీలు వాదన. తిప్పిన పేజీలో జడ్జీలు సరిగ్గా దానికి ఎదురు చెప్పారు. తోకను చాచవచ్చు, రోడ్డులా పనికొచ్చేదంతా రోడ్డులాంటిదే.

రన్‌వే రోడ్డులాంటిదైపోయింది. జగ్గారావు కోటు లోపల తడిసిపోయాడు. సన్యాసమ్మకు ఇంగ్లీషు రాదు, అతని ముఖం చదివింది.

అప్పుడు ముఖర్జీ బాబు లేచాడు. సాక్షి కాదు, వకీలు కాదు. ఎవరూ పిలవలేదు. “హుజూర్, మా లైబ్రరీలో అడిగిన పేజీ ఒక్కటే చదివి ఎవర్నీ పోనివ్వం. ముందు పేజీ, తర్వాతి పేజీ కూడా చదవాలి. ఆ రెండో పుస్తకంలో కూడా,” అన్నాడు. మెజిస్ట్రేటు ఆశ్చర్యపోయి చట్టం తెప్పించుకుని పేజీ తిప్పాడు. ఏ జంతువుకు ఎంత రుసుము, దాని మేతకు ఎంత అని అక్కడుంది. అది కట్టి యజమాని అడిగితే జంతువును అప్పగించాలి. రన్‌వే రోడ్డులాంటిదైతే మంగ కూడా రోడ్డెక్కిన గేదెలాంటిదే. ఆ చట్టంలో రాంచీ లేదు, పెట్రోలు లేదు, మీటింగు లేదు. సిన్హా బాబు తాను గెలిచిన వాదనకే కట్టుబడి కూర్చున్నాడు. గేదెను వదలమని అక్కడికక్కడే ఉత్తర్వు అయింది.

ప్రమాణం సంగతి

ఆ కుర్చీని చెదలు తినేసి చాలా రోజులైంది. కాబట్టి ఇప్పుడు నిజం చెప్పినా దానికి బాధ ఉండదు.

పైన రాసినదాంట్లో సిన్హా బాబు చేతులు కడుక్కోవడం వరకూ, ఓడిపోయిన వకీలు వాదన వరకూ అంతా జరిగింది. విమానం రాంచీ వెళ్ళలేదు. ఒక చుట్టు తిరిగి, వాచ్‌మన్ మంగను లేపాక దిగింది. రాంచీ అని రాసి ఇచ్చింది మేనేజరు, ఆ అబద్ధం నాది కాదు. నాది ఒక్కటే. ముఖర్జీ బాబు కోర్టులో లేవలేదు. ఆయన దృష్టిలో కోర్టు కూడా రీడింగ్ రూమే, అక్కడ నోరు విప్పకూడదు. నేనూ విప్పలేదు. మెజిస్ట్రేటు జగ్గారావు దరఖాస్తు కొట్టేసి తర్వాతి కేసు పిలిపించాడు.

మెట్ల మీద సన్యాసమ్మ మా ముగ్గురి ముఖాలూ చూసింది. “అయితే మంగ పోయినట్టేనా బాబూ?” అంది. జగ్గారావు స్కూటర్‌కు కిక్ కొడుతూనే ఉన్నాడు, తాళం పెట్టకుండా.

వెనక్కి వస్తుంటే, బిష్టుపూర్ దాకా వచ్చాక, కిళ్ళీ మరక ఏమైనా అంటిందేమోనని ముఖర్జీ బాబు తువ్వాలు విప్పి రెండు పుస్తకాలూ పేజీ పేజీ చూశాడు. చట్టం దగ్గర ఆగిపోయాడు. వేలు పెట్టి నాకు చూపించాడు. కోర్టులో అన్నాడని నేను రాసిన మాటలన్నీ ఆయన అన్నది అక్కడ, ఆటోలో, లారీ హారన్ల మధ్య, నాతో. మళ్ళీ దరఖాస్తు పెట్టడానికి సమయం లేదు. మర్నాడు ఆదివారం, కోర్టు ఉండదు. అది దాటితే సోమవారం, వేలం.

సోమవారం పొద్దున ఆయన లైబ్రరీ తలుపు తీయలేదు. ఆయన హయాంలో అలా జరగడం నేను చూసింది ఆ ఒక్కసారే. పుస్తకం తువ్వాలులో చుట్టుకుని నేరుగా బందెలదొడ్డికి వచ్చాడు. గంజి పెట్టిన ధోవతితో పేడలో నిలబడ్డాడు. దొడ్డి కాపలాదారు పాండే వేపపుల్ల నములుతూ, నాదేముంది సాబ్, మేనేజరు సాబ్ వద్దన్నాడు అన్నాడు. ముఖర్జీ బాబు తువ్వాలు విప్పి చదవడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో ఒక సెక్షను, హిందీలో దాని భావం, మళ్ళీ ఇంగ్లీషు. ముందు పేజీ, తర్వాతి పేజీ. వేలానికొచ్చి మంగ పళ్ళు పట్టి చూస్తున్న జుగ్సలాయి బేరగాళ్ళు పళ్ళు వదిలేసి విన్నారు. పాండే నోట్లో వేపపుల్ల పీచు పీచు అయిపోయింది. మధ్యలో రెండుసార్లు, అర్థమైంది సాబ్ అన్నాడు. ముఖర్జీ బాబుకు అది వినపడలేదు.

చివరికి పాండే సన్యాసమ్మ దగ్గర రుసుము తీసుకుని గొళ్ళెం తీశాడు. మేనేజరుతో తర్వాత ఎలా వేగాడో నాకు తెలియదు. ఆ నిమిషంలో మాత్రం మేనేజరు కన్నా మా ముఖర్జీ బాబే అతనికి పెద్ద ఆపదగా కనిపించాడు. సన్యాసమ్మ పలుపు అందుకుని, “పద, పదయే, నీకు ఇమానాలు కావాలేటి,” అంటూ మావైపు చూడకుండానే మంగను తోలుకుపోయింది.

జగ్గారావు ఇప్పుడు పెద్ద వకీలు. తన జూనియర్లకు ఈ కేసు కోర్టులో గెలిచినట్టే చెబుతాడు. ముఖర్జీ బాబు లేచి మాట్లాడాడన్నది నేను దానికి చేర్చిన ముక్క. ఆ మాట ఆ హాల్లో, ఆ వేళకు పడి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది, అందుకని. సరైన పేజీ మనకు ఎప్పుడూ ఆటోలోనే దొరుకుతుంది. పుస్తకం పట్టుకుని మళ్ళీ వెళ్ళాలి, అవసరం ఎక్కడుందో అక్కడికి. కుర్రాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే.

దొడ్డి ఖాళీ అయ్యాక పోదాం సార్ అన్నాను. ముఖర్జీ బాబు కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు.

“అభీ షెడ్యూల్ బాకీ హై,” అన్నాడు.

తెరిచిన గేటు దగ్గర నిలబడి, ఇంకా మిగిలిన ఆ షెడ్యూలు, అంటే రుసుముల పట్టిక, మొత్తం చదివాడు. ఒంటెలు, ఏనుగుల రుసుముతో సహా. పాండే చేతులు కట్టుకుని విన్నాడు.